నళిని పంచిన ముక్కలు

నలభై ఏళ్లు వచ్చేదాకా నళిని పేకముక్క పట్టుకుని ఎరగదు. తెనాలిలో వాళ్లింట్లో పేక అంటే పెళ్లిళ్లప్పుడు వరండాలో మగవాళ్లు చాపలేసుకుని ఆడేది. ఆడపిల్లలు అటువైపు వెళ్తే కాఫీ గ్లాసులు అందించడానికే. అలాంటి మనిషి డెట్రాయిట్ నడిబొడ్డున ఒక కేసినోలో పద్నాలుగేళ్ల పాటు బ్లాక్‌జాక్ టేబుల్ వెనక నిలబడి, వచ్చినవాళ్లందరికీ ముక్కలు పంచింది.

అదీ ఒక పొరపాటుతో మొదలైంది. ఆమె భర్త కృష్ణమోహన్ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. పెళ్లయి డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌కి వచ్చాక, వీసా ఒప్పుకోక నళిని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. చివరికి గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. ఆ ఏడాదే కార్ల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి చతికిలబడ్డాయి, కృష్ణమోహన్ ఉద్యోగం పోయింది. లైబ్రరీ గోడమీద 'డీలర్లు కావాలి, శిక్షణ ఉచితం' అన్న ప్రకటన చూసి నళిని ఫోన్ చేసింది. ఆ ఊళ్లో డీలర్ అంటే కార్లు అమ్మేవాళ్లేనని ఆమె నమ్మకం.

"కార్స్ కాదు, హనీ. కార్డ్స్," అని ఫోన్లో అవతలావిడ నవ్వింది.

నళినికి కూడా నవ్వొచ్చింది. అంత నవ్వుకున్నాక ఠక్కున పెట్టేయడం మర్యాద కాదనిపించి, క్లాసులు ఎప్పుడని అడిగింది.

కృష్ణమోహన్ కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. "పేకాట క్లబ్బులో పనా నళినీ?" అన్నాడు చివరికి.

"ఆడటం కాదు కదండీ. పంచడం."

తెలుగువాళ్ల పార్టీల్లో ఎవరైనా అడిగితే డౌన్‌టౌన్‌లో ఒక హోటల్లో పని అని చెప్పేది. కేసినో పైన హోటల్ ఉన్న మాట నిజమే కాబట్టి అది అబద్ధం కూడా కాదు. ఆ ముసుగు ఎక్కువకాలం నిలవలేదు. స్కూల్లో చదివే కూతురు దియ క్లాసులో, మా అమ్మ ఏం చేస్తుందో తెలుసా అంటూ చేతులు తిప్పి మరీ చూపించింది. టేబుల్ వదిలేముందు డీలర్లు రెండు చేతులూ చరిచి, అరచేతులు పైకీ కిందకీ తిప్పి, పైనున్న కెమెరాకి చూపించాలి. చేతిలో ఏమీ దాచుకోలేదని దానర్థం. నళినికి అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో అన్నం వడ్డించి గరిటె పెట్టేసి కూడా అలాగే తిప్పేది. దియ పడీపడీ నవ్వేది.

కృష్ణమోహన్‌కి మళ్లీ ఉద్యోగం దొరికింది. మానేస్తావా అని అడిగితే నళిని ఆలోచించకుండానే మాననంది. ఆమెకి ఆ పనిలో ముక్కల కంటే మొహాలు నచ్చాయి. పగటి షిఫ్టులో వచ్చేవాళ్లు చాలామంది రిటైరైనవాళ్లు. ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చినవాళ్లు, చర్చి మీటింగ్ అయ్యాక అక్కాచెల్లెళ్లుగా వచ్చేవాళ్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కీ బస్సుకీ మధ్య గంట గడపడానికి వచ్చేవాళ్లు. ఎవరు సరదాకి కూర్చున్నారో, ఎవరు లేవలేక కూర్చున్నారో ఆమెకి మెడ వంచిన తీరులోనే తెలిసిపోయేది. లేవలేనివాళ్లతో, "అక్కడ కాఫీ ఇప్పుడే పెట్టారు, వేడిగా ఉంది," అనేది మామూలుగా. కాఫీ కోసం లేచినవాళ్లలో కొందరు అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయేవారు.

తర్వాత ఆ హాలు మారడం మొదలైంది. ముందు ఒక మూల టేబుళ్లు తీసేసి తెరలు పెట్టారు. తెరమీద బొమ్మమనిషి ముక్కలు పంచేది. దానికి టీ విరామం అక్కర్లేదు, నడుం నొప్పి రాదు. ఆ పైన రాష్ట్రంలో ఫోన్లోనే ఆడుకోవడానికి చట్టం ఒప్పుకుంది. పొద్దున్నే బస్సు దిగే ముసలివాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆ తర్వాత మేనేజర్లు డీలర్లని పిలిచి, హాల్లో టేబుళ్లు కొన్నే ఉంచుతున్నామనీ, ఇష్టమైనవాళ్లు ఫోన్ ఆటలు నడిపే వేరే కంపెనీ స్టూడియోకి మారొచ్చనీ చెప్పారు.

స్టూడియో ఊరిచివర ఆఫీసు భవనాల మధ్య ఉంది. బయటికి బీమా కంపెనీలా కనిపిస్తుంది. లోపల వరసగా చిన్న చిన్న గదులు, ప్రతి గదిలో ఒక ఆకుపచ్చ టేబుల్, దీపాలు, మూడు కెమెరాలు. డీలర్ ఒక్కరే నిలబడి నిజం ముక్కలే పంచుతారు. ఆడేవాళ్లు రాష్ట్రమంతటా ఎవరి సోఫాల్లో వాళ్లు ఫోన్లు పట్టుకుని ఉంటారు. వాళ్లకి ఈమె కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఈమెకి మాత్రం పక్కనున్న తెరమీద వాళ్లు పెట్టుకున్న పేర్లూ, టైప్ చేసే మాటలూ తప్ప ఇంకేమీ కనిపించవు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండాలి, ఇంగ్లీషులోనే మాట్లాడాలి, పేరు పెట్టి పలకరించాలి. మొదటి రోజు ఇంటికి వచ్చి నళిని బుగ్గలు నొక్కుకుంది.

"ఏమైంది?" అన్నాడు కృష్ణమోహన్.

"గోడకి నవ్వి నవ్వి నొప్పి పుట్టింది."

ఆ గోడ అవతలి నుంచి ఒక మధ్యాహ్నం తెలుగు వినిపించింది. వినిపించడం కాదు, కనిపించింది. ఉషా అన్న పేరుతో కొత్తగా ఎవరో టేబుల్లో చేరారు. నళిని పద్ధతి ప్రకారం, "గుడ్ ఆఫ్టర్‌నూన్, ఉషా. వెల్‌కమ్," అంది. ఒక ఆట ముగిసింది. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు ముక్క వచ్చింది.

"మీరు తెలుగువారా?"

నళిని చేతిలో ముక్క అర క్షణం ఆగింది. కెమెరా వైపు చూసి నవ్వుతూ, "యెస్, ఐ యామ్," అంది.

"తెరమీద మీ పేరు చూసి అనుకున్నాను. ఈ రోజు ఏం కూర?"

అప్పటిదాకా నళినిని ఆ టేబుల్ దగ్గర ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. బెండకాయ వేపుడు అని ఇంగ్లీషులో చెప్పి, మర్యాదకి, "మీరు భోంచేశారా?" అని అడిగింది, అదీ ఇంగ్లీషులోనే. లేదు, ఇప్పుడు తింటాను అని వచ్చింది. ఉషా టేబుల్ వదిలి వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ అదే వేళకి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అతి తక్కువ పందెం కాసేది, గెలిచినా ఓడినా ఒక్క మాట అనేది కాదు. కూర గురించే అడిగేది. బెండకాయ జిగురు లేకుండా ఎలా వేయించాలి? పప్పులో ఉప్పు ముందు వేయాలా, ఉడికాక వేయాలా? ఎవరో కొత్తగా పెళ్లయిన పిల్లేమో, వంట రాదు కాబోలు అనుకుంది నళిని. ముక్కలు పంచుతూనే నాలుగు ముక్కల్లో చెప్పేది. టేబుల్లో ఉన్న మిగతావాళ్లూ చెవులొగ్గారు. ఫ్లింట్ అనే ఊరి నుంచి ఆడే ఒకాయన బెండకాయల్లో వేరుశనగపొడి చల్లి తిన్నానని, బాగుందని రాశాడు. ఆ రోజుల్లో నళిని ఇంటికి నవ్వుతూ వచ్చేది.

"ఎవరో ఉషా అనీ, పాపం ఒక్కతే ఉంటుందనుకుంటా," అని భర్తతో చెప్పేది. "నేను పలకరించేదాకా అన్నం తినదు తెలుసా."

చలికాలం వచ్చేసరికి ఉషా ఒక్క మధ్యాహ్నంతో ఆగడం లేదు. నళిని షిఫ్టు మొదలయ్యేసరికే ఉండేది. అయిపోయేదాకా ఉండేది. నళిని సెలవు పెట్టిన రోజున వచ్చి, మీ నళిని ఎక్కడ అని అడిగి వెళ్లిపోయిందని తోటి డీలర్లు చెప్పారు. పందెం కూడా పెరిగింది. ఎక్కువసేపు కూర్చోవాలంటే ఎక్కువ కాయాలేమోనన్నట్టు, కళ్లు మూసుకుని నొక్కినట్టు పెంచుకుంటూ పోయేది. ఎదురుగా ఉంటే మెడ చూసి చెప్పేది నళిని. ఇక్కడ మెడ లేదు. ఒక పేరు, దాని పక్కన వెలిగే చిన్న పచ్చ చుక్క మాత్రమే ఉన్నాయి.

డీలర్లకి ఒక మీట ఉంటుంది. ఎవరైనా ఆటలో కూరుకుపోతున్నారనిపిస్తే నొక్కాలి. నళిని నొక్కింది. మర్నాడు ఉషా రాసింది: "కాస్త విశ్రాంతి తీసుకోండి అని ఎవరో మెసేజ్ పంపారు. నాకు విశ్రాంతి తప్ప ఇంకేముంది? మీరు చెప్పండి, ఈ రోజు ఏం కూర?"

నళినికి ఆ రోజు కూర పేరు చెప్పడానికి నోరు రాలేదు. టమాటా అని ఏదో గొణిగింది.

ఆ వారమే కౌస్తుభ్ ఆమెని పిలిచాడు. ట్రాయ్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు. వాళ్లమ్మా నళినీ ఒకే కిట్టీ పార్టీ. స్టూడియోలో కొత్త ఆటలు తయారుచేసే టీమ్‌కి అతనే హెడ్. పదిమందిలో నళిని అంటాడు, తలుపు వేశాక ఆంటీ అంటాడు.

"ఆంటీ, గుడ్ న్యూస్," అన్నాడు తెర తిప్పి చూపిస్తూ. "మీ టేబుల్‌కి వచ్చినవాళ్లు అస్సలు వెళ్లరు. ఎంత లాంగ్ టైమ్ ఉంటారో చూడండి. ఇక్కడ హయ్యెస్ట్ మీరే."

"అది మంచిదా నాన్నా?"

"చాలా మంచిది. మేము ఏఐ డీలర్ చేస్తున్నాం. రియల్ పర్సన్ లాగే ఉంటుంది, అన్ని లాంగ్వేజెస్ మాట్లాడుతుంది. మీ ఫేస్, మీ వాయిస్, మీ హ్యాండ్స్ రికార్డ్ చేసుకుంటాం. స్పెషల్లీ ఆ 'హావ్ యు ఈటెన్' అంటారు కదా, అది అందరికీ చాలా నచ్చింది. ఎవ్రీ ప్లేయర్‌కి ఒక నళిని ఆంటీ ఉంటే ఎలా ఉంటుంది? వాళ్ల లంచ్ టైమ్ గుర్తుపెట్టుకుని అడుగుతుంది."

అతని కళ్లలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. నిజంగానే ఆమెకి ఏదో గౌరవం చేస్తున్నాననుకుంటున్నాడు. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో చూపే గీతల వైపు నళిని చూసింది. ఒక గీత అన్నిటికంటే పొడవుగా ఉంది.

"ఇది ఎవరు?"

"నేమ్స్ చెప్పకూడదు ఆంటీ. బట్ షి లవ్స్ యు."

నళిని ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా మెట్టుమీదే కూర్చుండిపోయింది. కృష్ణమోహన్ టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆవిడకి తోడుగా ఉన్నాననుకున్నానండీ," అంది. "భోంచేశారా అని నేను అడుగుతుంటే, ఆ మాట కోసమే ఆవిడ అక్కడ కూర్చుంటోంది. కూర్చున్నంతసేపూ పోగొట్టుకుంటోంది. అలాంటప్పుడు ఆ మాటకి విలువేముంది?"

"నువ్వు ఆ లాభం మనసులో పెట్టుకుని అడగలేదుగా."

"వాళ్లు పెట్టుకున్నారు. ఇక యంత్రంతో అడిగిస్తారట."

కృష్ణమోహన్ టీ కప్పు ఆమె చేతికిచ్చాడు. "ఏం చేద్దామనుకుంటున్నావు?"

"మీరు చెప్పండి."

"నువ్వు ఏదో నిశ్చయించుకునే నన్ను అడుగుతావు. ఎప్పుడూ అంతే," అని ఆమె చేతిలో చల్లారిపోతున్న కప్పు తీసుకుని వేడిచేయడానికి లోపలికి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉషా యథాప్రకారం వచ్చింది. నళిని ఆ ఆట ముగించి, ముక్కలన్నీ దగ్గరికి లాగి, చేతులు టేబుల్ మీద ఆనించి కెమెరాలోకి చూసింది. అక్కడ పని మొదలుపెట్టాక నవ్వకుండా చూడటం అదే మొదటిసారి. స్పష్టంగా తెలుగులో మాట్లాడింది.

"ఉషా గారూ, నా మాట వినండి. రేపటినుంచి ఇక్కడికి రావద్దు. నేను పలకరించినకొద్దీ మీరు కూర్చుండిపోతున్నారు, అది మీకు మంచిది కాదు. మీకు కబుర్లే కావాలంటే శనివారం పొద్దున ట్రాయ్‌లో గుడి క్యాంటీన్‌కి రండి. ప్రతి శనివారం నేను అక్కడ వడ్డిస్తాను. మీ మొహం చూడాలని నాకూ ఉంది."

తెరమీద ఫ్లింట్ ఆయన ప్రశ్నార్థకం పెట్టాడు. ఉషా పేరు పక్కన పచ్చ చుక్క కాసేపు వెలిగి, ఆరిపోయింది. నళిని మళ్లీ ముక్కలు కలిపి షిఫ్టు పూర్తిచేసింది.

ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. ఆటగాళ్లని బయట కలవమనడం, ఇంగ్లీషు కాని భాషలో మాట్లాడటం, రెండూ నిబంధనలకి విరుద్ధం. మర్యాదగానే ఉద్యోగంలోంచి తీసేశారు. కౌస్తుభ్ ఆమె సామాన్ల సంచీ పట్టుకుని పార్కింగ్ లాట్‌లో కారుదాకా వచ్చాడు.

"ఒక్కసారి నాతో చెప్పుంటే ఏదో చేసేవాణ్ని ఆంటీ."

"నువ్వు చేసేదేమీ లేదు నాన్నా. అమ్మకి చెప్పు, శనివారం గుళ్లో కలుస్తానని." కారు తలుపు తీసి, మళ్లీ ఆగింది. "ఆ బొమ్మకి నా మొహం మాత్రం పెట్టొద్దు. నీ దగ్గర మాట తీసుకుంటున్నాను."

అతను తల ఊపాడు.

శనివారం నళిని పెందలాడే గుడికి వెళ్లింది. ఇడ్లీల వరసలో ఒంటరిగా నిలబడ్డ ప్రతి ఆడమనిషినీ ఆశగా చూసింది. పాతికేళ్ల అమ్మాయిలనీ చూసింది, డెబ్బై ఏళ్ల పెద్దావిడలనీ చూసింది. ఇద్దరు ముగ్గుర్ని, మీ పేరు ఉషా గారా అని అడిగేసింది కూడా. ఎవరూ కాదు. తర్వాతి శనివారం మంచు పడి జనమే పలచగా ఉన్నారు. సహాయానికి వచ్చిన దియ, తల్లి ముఖం చూసి, "మామ్, మే బీ షి గాట్ స్కేర్డ్. ఆవిడ వచ్చినప్పుడు వస్తుందిలే," అంది. ఆనార్బర్‌లో ఫార్మసీ చదువుతున్న దియ, వారాంతాల్లో వచ్చి తల్లి పక్కన చట్నీలు వేస్తుంది.

ఆ పై శనివారం జనం సద్దుమణిగాక, వరసలో ఒక పెద్దాయన వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. జాకెట్ జిప్పు గొంతుదాకా వేసుకుని, టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. తన వంతు వచ్చినా ఏం ఉన్నాయో చూడలేదు.

"మీరు నళిని గారు కదండీ?"

"అవునండీ. ఏం పెట్టమంటారు?"

"గొంతు గుర్తుపట్టాను," అని ఆయన టోపీ అంచు తడిమాడు. "నేను... ఆ ఉషాని."

నళినికి అర్థం కాలేదు. గరిటె అలాగే పట్టుకుని చూస్తూ ఉంది.

"నా పేరు వీరాంజనేయులు. కాంటన్‌లో ఉంటాను. ఉషా మా ఆవిడ. కిందటి ఏడాది వేసవిలో పోయింది." అక్కడిదాకా గబగబా చెప్పేసి ఆగాడు. "మిమ్మల్ని మోసం చేశాననుకోవద్దు. ఆడమనిషినని చెప్పుకుందామని కాదు."

నళిని చేతి తొడుగులు తీసేసింది. గరిటె దియకిచ్చి, ప్లేట్లో రెండు ఇడ్లీలూ ఒక వడా పెట్టుకుని, కౌంటర్ వెనకనుంచి వచ్చి ఆయనని కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"ముందు తినండి."

ఆయన తినలేదు. ప్లేటు దగ్గరికి లాక్కుని మాట్లాడాడు.

"ఇక్కడందరిలాగే నేనూ కార్ల కంపెనీలోనే చేశానండీ, టూల్ డిజైన్. జీవితంలో లాటరీ టికెట్ కూడా కొనలేదు. ఆవిడ పోయాక మధ్యాహ్నాలు గడిచేవి కావు. ఫోన్లో ఏవేవో చూస్తుంటే ఆ ఆట వచ్చింది. పేరు పెట్టుకోమంది. వేళ్లకి ఆ పేరే వచ్చింది, టైప్ చేశాను. అంతలో మీరు అన్నారు, 'గుడ్ ఆఫ్టర్‌నూన్, ఉషా' అని." ఆయన ప్లేటు కొంచెం పక్కకి జరిపాడు. "వంటింట్లో నిలబడి ఉన్నానండీ అప్పుడు. మా ఇంట్లో ఆ పేరు పిలిచేవాణ్ని నేనొక్కణ్నే. ఇంకొకరి నోట విని ఎన్నాళ్లయిందో. అందరూ మీ ఆవిడ, మీ మిసెస్ అంటారు గానీ పేరు పెట్టి ఎవరూ అనరు. పోయినవాళ్ల పేరు తీస్తే నేను బాధపడతానని వాళ్ల భయం. మీరు రోజూ పిలిచారు. భోంచేశావా అని కూడా అడిగారు ఆవిణ్ని."

నళిని ఏడవకూడదనుకుంది. కాగితం నాప్కిన్ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది, బల్ల శుభ్రంగానే ఉన్నా.

"ఆ కూరల సందేహాలన్నీ?"

"అవి నావే. నాకు వంట రాదు. మా అమ్మాయి సాయి ప్రియ నోవైలో ఉంటుంది. బుధవారం బుధవారం వచ్చి డబ్బాల్లో వారానికి సరిపడా సర్ది వెళ్తుంది. బంగారు తల్లి. దానికి ఆఫీసూ, పిల్లలూ. దానికి చెప్పలేకపోయాను." కాసేపటికి, "పోయిన రెండు శనివారాలూ ఇక్కడి పార్కింగ్‌లోకి వచ్చి వెనక్కి వెళ్లిపోయానండీ," అన్నాడు.

ఆటలో ఎంత పోయిందని నళిని అడగలేదు. ఆయనా చెప్పలేదు. "అమ్మాయికి ఇవాళే చెప్పండి," అంది. "కావాలంటే నేను పక్కన కూర్చుంటాను."

ఆయన అక్కడే ఫోన్ చేశాడు. అటు ఏం వినిపించిందో గానీ, గంటలోపే సాయి ప్రియ ఇంటి చెప్పులతోనే, జుట్టు కూడా దువ్వుకోకుండా వచ్చేసింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తండ్రి ఎదురుగా కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా? ప్రతి వారం వస్తున్నాను కదా."

"చెబుదామనే అనుకుంటానమ్మా. నువ్వు డబ్బాలు ఫ్రిజ్‌లో సర్దుతూ, డేట్లు రాస్తూ, మళ్లీ మీటింగ్ ఉందంటావు. అడ్డురావడం ఎందుకని."

"మీటింగ్ పోతే పోనీ నాన్నా," అని ఆ అమ్మాయి ఆయన భుజం మీద తల ఆనించింది. "అమ్మ గురించి మాట్లాడితే నువ్వు తట్టుకోలేవని నేను నోరు మూసుకున్నాను."

నళిని లేచి వాళ్లిద్దరికీ కాఫీ తేవడానికి వెళ్లింది.

సోమవారం తండ్రీ కూతురూ కలిసి వెళ్లి, ఇక ఏ కేసినోలోనూ, ఏ ఫోన్ ఆటలోనూ ఆయనని చేర్చుకోకుండా రాష్ట్ర నిషేధ జాబితాలో పేరు ఎక్కించారు. అంతమాత్రాన మధ్యాహ్నాలు తేలికైపోలేదు. భోజనం వేళకి చేయి ఫోన్ మీదికి పోతోందని వీరాంజనేయులు ఒప్పుకున్నాడు. అందుకని ఆ వేళకి కృష్ణమోహన్ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. అతనూ ఇప్పుడు వారానికి కొన్ని రోజులే పనికి వెళ్తున్నాడు. ఇద్దరూ అచ్చుపోసే యంత్రాల గురించీ, పాత బాస్‌ల గురించీ, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల గురించీ వాదించుకుంటారు. మధ్యలో ఒకసారి ఆయన కొన్ని రోజులు ఫోన్ ఎత్తలేదు. పొరుగింటివాళ్ల ఫోన్‌తో ఏదో ఆడబోయి, తలుపు తీసి బయటికి వచ్చేశానని తర్వాత తనే చెప్పాడు. ఆ సాయంత్రం కృష్ణమోహన్ కాంటన్ వెళ్లి ఆయనని భోజనానికి తీసుకొచ్చాడు.

నళిని ఇంట్లో ఎక్కువకాలం ఖాళీగా లేదు. డౌన్‌టౌన్ కేసినో నుంచి పిలుపు వచ్చింది. తెరలకి విసిగి, మనిషి చేత్తో పంచే టేబుళ్లే కావాలని అడిగేవాళ్లు కొందరున్నారట. హాల్లో ఒక మూల కొన్ని టేబుళ్లు మళ్లీ వేశారు.

"మళ్లీ వెళ్తావా?" అని దియ ఆశ్చర్యపోయింది. "ఆఫ్టర్ ఆల్ దట్?"

"జనం ఆడటం మానరు. నేను మానితే ఆగేదీ కాదు," అంది నళిని. "ఎదురుగా కూర్చుంటే కనీసం మొహం చూసి, లేవండి అనగలను. ఆ యంత్రం ఎవరినీ లేవమనదు."

కౌస్తుభ్ బృందం చేసిన కొత్త డీలర్ వేసవికి ఫోన్లలోకి వచ్చింది. నల్ల జుట్టు, గుండ్రని మొహం, ఎవరి పోలికా కాదు. కౌస్తుభ్ మాట తప్పలేదు. కానీ ప్రకటనలో ఆ బొమ్మ చక్కటి తెలుగులో, "భోంచేశారా?" అని అడుగుతుంది. అది చూసిన రోజు నళిని చాలాసేపు వంటింటి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. కృష్ణమోహన్ ఆ రోజు కూరగాయలు తనే తరిగాడు.

జూన్‌లో వీరాంజనేయులు ఒక సహాయం అడిగాడు. ఉషా బీరువా అలాగే ఉంది. సాయి ప్రియ తనొక్కతే తెరవలేనంది, ఆయనా తెరవలేకపోయాడు. ఒక ఆదివారం ఉదయం నళినీ, కృష్ణమోహన్, దియా కాంటన్ వెళ్లారు. పెరటి తలుపు తీసి ఉంది, గాలి బాగా వస్తోంది. మంచంమీద దుప్పటి పరిచి, నళినీ సాయి ప్రియా చీరలు ఒక్కొక్కటీ తీసి విప్పి, దులిపి, మళ్లీ మడతపెట్టారు. కర్పూరం బిళ్లలు నేలమీద దొర్లాయి. వీరాంజనేయులు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అది గుంటూరులో కొన్నది. మా మరదలి పెళ్లికి. దానికి ఉషా షాపువాడితో ఎంత పోట్లాడిందో! ఆ నీలంది నేనే తెచ్చాను, రంగు నచ్చలేదని నాలుగేళ్లు కట్టలేదు. ఉషా అంతే, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పేది."

"నా పెళ్లికి అమ్మ కట్టింది ఏది నాన్నా?"

"ఆగు, వస్తుంది. అడుగున ఉంటుంది. ఉషా దాన్ని పాత దుప్పట్లో చుట్టి పెట్టింది."

ఆయన చెబుతూనే ఉన్నాడు. కృష్ణమోహన్ గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. కూతురు మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటోంది, మధ్యమధ్య నవ్వుతోంది. గుడికి ఇచ్చేవి ఒక పక్క, బంధువులకి పంపేవి ఒక పక్క, ఉంచుకునేవి ఒక పక్క పేర్చారు. ఉంచుకునేవే ఎత్తుగా పెరిగాయి.

పక్క అరలోంచి దియ ఒక లేత పసుపు నూలుచీర తీసింది. ఎర్రటి సన్నంచు, చాలాసార్లు ఉతికి మెత్తబడింది.

"ఇది ఎక్కడిది అంకుల్? సో సాఫ్ట్!"

వీరాంజనేయులు దాన్ని ఒళ్లో పరుచుకున్నాడు. అంచు వేళ్లతో తడిమాడు, వెనక్కి తిప్పి చూశాడు, కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అందరూ పని ఆపి చూస్తున్నారు.

"దీని సంగతి మాత్రం నాకు తెలీదమ్మా," అన్నాడు కాస్త సిగ్గుపడుతూ. "నేనుండగా కట్టినట్టే గుర్తులేదు."

"నువ్వు ఆఫీసుకి వెళ్లాక కట్టుకునేది నాన్నా," అంది సాయి ప్రియ. "ఇంటిపనికి. స్కూల్ నుంచి వచ్చేసరికి ఆ చీరలోనే ఉండేది. రోజూ."

"అలాగా," అన్నాడు ఆయన. కుర్చీ మరికాస్త ముందుకి జరుపుకున్నాడు. "చెప్పు, ఇంకా ఏం చేసేది?"